తలుపును ఎవరూ కదపలేదు

నాలుగున్నరైంది, బయట తుంపర. ఇప్పుడు నువ్వెక్కడికీ పోయేది లేదు, కూర్చో. ఏమిటే అలా చూస్తావు? నేనా? బల్లకి నేను తగిలానా? మోకాలు ఆనిందేమో అమ్మడూ, పళ్ళెం తీద్దామని వచ్చాను. అయ్యో, అయితే ఆ చెంచా ఇందాకటి చోటుకి మళ్ళీ రాదా? పొద్దుటినుంచీ నూట నలభై ఫొటోలు తీశావా, ఒక్క చెంచా బల్ల ఈ చివరినుంచి ఆ చివరికి నడవడానికి? ఉండు, నేను ఇలా కూర్చుంటాను. చేతుల మీద కూర్చుంటాను. నవ్వకు. మా ఇంట్లో అదే పద్ధతి. ఈ ఇల్లు కాదులే, వెనకటి ఇల్లు. అది ఇప్పుడు లేదు. మీ మామయ్యకి ఒక తమ్ముడుండేవాడు, నువ్వు పుట్టకముందే పోయాడు, గోడమీద ఫొటో కూడా లేదు కనుక నీకెవరూ చెప్పి ఉండరు. చెప్పారా? ఏమని? ఊఁ. కెమెరా పిచ్చోడు, కూలుతున్న ఇంట్లోకి కెమెరా కోసం పరిగెత్తి పోయాడు. మీ నాన్న కూడా అదే చెప్పాడూ? చెప్తాడు. మీ నాన్నకి చెప్పింది నేనే. అది అబద్ధం అమ్మడూ. కూర్చో. ఆ చెంచా ముట్టుకోకు, ఉండనీ.

తాళాలు బాగుచేసేవాడు మా మరిది. మా వీధిలోనే, ఇంటికి నాలుగు గుమ్మాల అవతల, ఒక మనిషి పట్టేంత దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం తాళం కడుపులో సూది పెట్టి కెలుకుతూ ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. మాతోనే ఉండేవాడు, రెండో అంతస్తులో. మా పైన మూడో అంతస్తులో ఒక గది ఎవరూ అద్దెకి తీసుకోక పడి ఉంటే, అది అడిగి పుచ్చుకున్నాడు. ఎక్కడో ఫొటో స్టూడియో మూసేస్తుంటే ఒక పాత సినిమా కెమెరా సంపాదించాడు. మీట ఒక్కసారి నొక్కితే ఒక్క బొమ్మ పడుతుంది, అంతే. ఆ గదిలో బల్ల, బల్ల మీద ఇంట్లో సామాన్లు. చెంచాలు, గుండీలు, దువ్వెనలు, బట్టల క్లిప్పులు, అగ్గిపెట్టెలు, తాళాలు. నిలబడనివాటికి కింద మైనం ముద్ద. కాస్త జరపడం, నొక్కడం, కాస్త జరపడం, నొక్కడం. పన్నెండు నొక్కులకి ఒక్క సెకను. ఇల్లు మొత్తమ్మీద తొమ్మిదిమంది పిల్లలుండేవాళ్ళు, బడి వదలగానే తొమ్మిదిమందీ అక్కడే. ఒకళ్ళు జరపాలి, ఒకళ్ళు అంకె చెప్పాలి, ఒకళ్ళు మీట నొక్కాలి, మిగతావాళ్ళు చేతుల మీద కూర్చోవాలి. "గోరంత, గోరంతే! కొండంత జరిపితే అది నడక కాదు, గెంతు" అనేవాడు. అందుకని వీధంతా అతన్ని గోరంత మాస్టారు అనేది. నేను మాత్రం పేరు పెట్టే పిలిచేదాన్ని, వదినని కదా. ఆ పేరు ఇప్పుడు వద్దులే.

నా తిప్పలు అడుగు. ఇంట్లో చెంచా కనపడకపోతే అది సినిమాలో ఉందని అర్థం. ఒకసారి చుట్టాలొచ్చి కూర్చున్నారు, కాఫీలో చక్కెర కలపడానికి ఒక్క చెంచా లేదు. పైకెళ్ళి అడిగితే, "వదినా, అది ఇప్పుడు ఏట్లో సగం దాకా దిగింది, తీస్తే మునిగిపోతుంది" అన్నాడు. ఏరంటే నా నీలం దుప్పటి. "మరి వాళ్ళు దేంతో కలుపుకోవాలయ్యా?" అంటే, జేబులోంచి తాళంచెవి తీసి తుడిచి ఇచ్చాడు. తాళంచెవితో కలుపుకున్నారు పాపం, ఏం చేస్తారు. చెంచాలకి సబ్బు రుద్దేవాడు తెలుసా, మెరవకుండా. లేకపోతే చెంచా వీపులో గది మొత్తం కనపడుతుందట, పిల్లల మొహాలతో సహా. నువ్వు రుద్దావా? చూడు మరి, నీ చెంచాలో నేను కనపడుతున్నాను. కిటికీకి నల్లగుడ్డ కట్టేవాడు, ఎండ జరిగితే నీడ జరుగుతుందని. మెట్ల మీద పిల్లలు పిల్లుల్లా నడిచేవాళ్ళు. ఒకటో అంతస్తులో టైలరు ఉండేవాడు, నోటి దురుసు మనిషి, "మాస్టారూ, మీరు పైన నొక్కేటప్పుడు నేను మిషను ఆపాలి, అన్నం నమలడం కూడా ఆపాలా ఏం?" అనేవాడు. అంటూనే ఆపేవాడు. అది వేరే సంగతి. ఏం చెప్తున్నాను?

ఆఁ, ఆ సినిమా. ఒక తాళం తన చెవి పోగొట్టుకుని ఇల్లంతా వెతుక్కునే కథ. దువ్వెనని అడుగుతుంది, కత్తెరని అడుగుతుంది. రెండు నెలలు తీశారు. గది గోడకి కింద సగం ఆకుపచ్చ, పైన సగం సున్నం, మధ్యలో నల్ల గీత. కెమెరా కన్ను మీద అతను సన్నటి గుర్తు ఒకటి గీసుకున్నాడు. రోజూ పని మొదలెట్టేముందు కన్ను పెట్టి చూసేవాడు, గోడ గీత ఆ గుర్తు మీదికి రావాలి. వస్తే కెమెరా నిన్నటి చోటే ఉన్నట్టు. రావడం మానేసింది. వెంట్రుకవాసి తేడా. మర తిప్పి సరిచేశాడు. మర్నాడు మళ్ళీ తేడా. కెమెరా కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాడు. కాళ్ళకి మేకులు కొట్టాడు. అయినా తేడా. ఎవరో రాత్రిపూట తగులుతున్నారని గదికి తాళం వేశాడు, తాళాలవాడి తాళం, అది ఎవడు తీస్తాడు? అయినా తేడా. ఇక మిగిలింది పిల్లలే. తొమ్మిదిమందిలో కాలు నిలవనిది ఒక్కతే, మా పెద్దది. అవును, మీ వదినే. ఇప్పుడు అలా పెద్దమనిషిలా కనపడుతుంది గానీ, ఏడేళ్ళప్పుడు దాన్ని పిచ్చిక అనేవాడు వాళ్ళ బాబాయి. ఒకరోజు కిందికొచ్చి నాతో అన్నాడు, "వదినా, పిచ్చిక కెమెరాకి తగులుతోంది, అడిగితే లేదంటోంది. తగిలినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు నాకు బాధగా ఉంది" అని. నేను దాన్ని పిలిచి అడిగాను. "లేదమ్మా" అంది. కొట్టాను. మళ్ళీ అడిగాను. "లేదమ్మా." మళ్ళీ కొట్టాను. మూడోసారి "తగిలానమ్మా" అంది. నేను ఆపాను. అంతే, ఒప్పుకుంది కదా అనుకున్నాం ఇద్దరం.

అదే అమ్మడూ, తర్వాత ఎన్నేళ్ళు ఆలోచించినా నా బుర్ర అక్కడే ఆగుతుంది. ఇంకొకడైతే గోడ కదిలిందేమో అనుకునేవాడు. కదలని వస్తువుల్ని కదిపి చూపించడమే అతని పని కదా, గది మాత్రం కదలదని నమ్మాడు. రోజూ పొద్దున్నే కెమెరాని గోడకి సరిచేశాడు. గోడ పక్కకి పోతుంటే, దాంతోపాటే కెమెరాని కూడా తీసుకుపోయాడు.

రీలు కడిగించడానికి వేరే ఊరు పంపాలి. మూడు వారాలకి వచ్చింది. కింద వరండాలో దుప్పటి కట్టి, సంధ్యవేళ అందరికీ వేశాడు. మూడు నిమిషాల సినిమా. రెండు నెలలు మూడు నిమిషాల్లో చూశాం. తాళం గునగునా నడిచి వస్తుంటే ఎంత నవ్వారో. కత్తెర ఒకటి అటూ ఇటూ కాళ్ళు విసురుకుంటూ వచ్చింది, అచ్చం మా ఇంటాయనే, ఇంటాయనంటే ఇంటి యజమాని, ఆయనా ముందు వరసలో కూర్చుని నవ్వాడు. బల్ల వెనకాల, కుడిపక్కన, గది తలుపు కొంచెం కనపడుతోంది. సినిమా మొదట్లో నిటారుగా ఉంది. తాళం దువ్వెన దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఒరిగింది. కత్తెర దగ్గరికి వచ్చేసరికి ఇంకొంచెం. చివరికి తాగినవాడు గోడకి ఆనినట్టు పక్కకి వాలిపోయింది. టైలరు చప్పట్లు కొట్టాడు. "ఓరి నీ! మాస్టారు తలుపుని కూడా నడిపించాడ్రోయ్!" అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను. మా మరిది సినిమా వేసే మిషను పక్కన నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. పిల్లలు మళ్ళీ నవ్వారు. మూడోసారి వేశాడు. అప్పుడన్నాడు, మెల్లిగా, "తలుపుని నేను కదపలేదు." ఎవరికీ వినపడలేదు. పిచ్చికకి వినపడింది. "నేను కూడా కదపలేదు బాబాయ్" అంది. అతను దానివైపు చూశాడు, దాని ముందు కూర్చున్నాడు, "తెలుసమ్మా. తప్పు నాది" అన్నాడు. అంతమందిలో, ఏడేళ్ళ పిల్లతో. నేను లోపలికి వెళ్ళిపోయాను. కొట్టిన చెయ్యి కదా నాది.

మర్నాడు ఇంటాయన దగ్గరికి వెళ్ళాడు. కొన్ని నెలల ముందు కింది అంతస్తులో ఒక గోడ కొట్టించి దుకాణం వెడల్పు చేయించుకున్నాడు ఆయన. "ఇల్లు ఒరుగుతోందండీ, రీలులో పడింది" అన్నాడు ఇతను. ఆయన పడీ పడీ నవ్వాడు. "నీ రీలులో కత్తెర నడిచింది, తాళం ఏడ్చింది. నేను తాళానికి మందు ఇప్పించనా? చెంచాలు నడిపేవాడివి నువ్వు సాక్ష్యం చెప్తే ఎవడు నమ్ముతాడయ్యా?" నిజమే కదా, ఎవడు నమ్ముతాడు? మేమూ నమ్మలేదు. అయినా ఒక ఇంజినీరుని పిలిపించాడు ఇంటాయన, తనవాడే. గోడ మీద రెండుసార్లు వేళ్ళతో కొట్టి, "ఇంకో ఇరవయ్యేళ్ళు" అని పోయాడు. తలుపులు బిగుసుకుంటుంటే వడ్రంగి వచ్చి చిత్రిక పట్టాడు, చెమ్మకి ఉబ్బిందన్నాడు. మా మరిది ఇంటింటికీ వెళ్ళాడు, ఖాళీ చేద్దాం, ఖాళీ చేద్దాం అని. ఇంటాయన మా గుమ్మంలో నిలబడి అందరూ వినేట్టు అరిచాడు, "ఈ పిచ్చోణ్ణి అదుపులో పెట్టుకోండి, లేకపోతే ముందు మీ సామాన్లే వీధిలో ఉంటాయి." మీ మామయ్య తల దించుకున్నాడు. నేను దించుకోలేదు. లోపలికొచ్చి మరిదితో అన్నాను, "నీ చెంచాల పిచ్చికి నా పిల్లని కొట్టాను. ఇప్పుడు దాన్ని వీధిలో పడుకోబెట్టమంటావా?" అతను "వదినా" అన్నాడు. "నాతో మాట్లాడకు" అన్నాను. అంతే. ఒకే ఇంట్లో, పదహారు రోజులు. కంచం పెట్టేదాన్ని, మాట లేదు. అతను తిని కంచం కడిగి పెట్టి వెళ్ళేవాడు. నేను తక్కువ మాట్లాడతానని అందరూ మెచ్చుకుంటారు కదే, ఆ పదహారు రోజుల నించే అలవాటైంది. అంతకుముందు వాగుడుకాయని.

సినిమాలు మానేశాడు. కెమెరా మాత్రం తీయలేదు. మేకులు కొట్టిందలాగే ఉంచి, పొద్దున ఒకసారి, భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి కన్ను పెట్టి తలుపు వైపు చూసి, గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవాడు. పిల్లల్ని పైకి రానిచ్చేవాడు కాదు. కానీ ఆ రోజు పొద్దుటినుంచీ వాన. బడికి సెలవు. తొమ్మిదిమంది పిల్లలు మెట్ల మీద గోల. "పైకి పొండర్రా, ఆ చెంచాలతో ఆడుకోండి" అన్నాం మేమే, తల్లులం. మధ్యాహ్నం అతను వచ్చాడు, చూశాడు, కిందికి పొమ్మనలేదు. కన్ను పెట్టి చూసి, తలుపు నిన్నటి గుర్తు మీదే ఉందన్నాడట పిల్లలతో. సరే వానలో ఎక్కడికి పంపుతాం అనుకున్నాడేమో. తొమ్మిదిమందినీ చూసి, అన్నం తిని, దుకాణానికి పోయాడు. మూడింటికి పిచ్చిక మంచినీళ్ళకని కిందికొచ్చింది. దాని బూటు అడుగు ఊడి వేలాడుతోంది. "పద, కుట్టించుకొద్దాం" అని గొడుగు తీసుకుని బయల్దేరదీశాను. మళ్ళీ పైకి పోయి చెప్పి రాలేదు. ఎవరికి చెప్పాలి? ఇంటికి తాళం వెయ్యలేదు, దగ్గరకి వేసి పోయాం.

అతని దుకాణం ముందునించే పోవాలి. గొడుగు ఒకటే, పిచ్చిక నా ఎడంపక్క, గోడవైపు కాదు, వీధివైపు. అతను భూతద్దం కంట్లోనే ఉంచుకుని తలెత్తాడు. "వదినా, ఈ వానలో ఎక్కడికి?" అన్నాడు. పదహారు రోజుల తర్వాత అతనే పలకరించాడు చూడు. నేను మొహం తిప్పుకున్నాను. గొడుగు అతని వైపుకి కొంచెం వంచాను కూడా. పిచ్చిక అతనికి కనపడలేదు. "దీని బూటు కుట్టించాలి." ఎన్ని మాటలు? మూడు. మూడు మాటలు అనలేదు నేను.

తర్వాతది టైలరు చెప్పాడు. నాలుగింటికి మా మరిది మెట్లెక్కాడు, పైన కన్ను పెట్టి చూశాడు, ఆ తర్వాత మెట్ల మీద వినపడింది గొంతు. అరుపు కాదట. సినిమా తీసేటప్పుడు మాట్లాడే గొంతే. "ఒక్కొక్కళ్ళే దిగండి. గెంతద్దు. గోడకి ఆనద్దు." పిల్లలకి ఆ నడక అలవాటే. మధ్యాహ్నానికీ నాలుగింటికీ మధ్య తలుపు అగ్గిపుల్ల మందాన జరిగిందట. ప్రతి గుమ్మం కొట్టాడు. ఈసారి పెద్దవాళ్ళు నవ్వలేదు, పిల్లలు దిగిపోతుంటే వెనకాలే దిగారు. టైలరు మిషను తలకాయ ఊడదీసి చంకలో పెట్టుకుని మరీ దిగాడు. వీధిలో వానలో నిలబెట్టి, పిల్లల తలల మీద చెయ్యి వేస్తూ లెక్కపెట్టాడు. నేను అప్పుడే వీధి మలుపు తిరిగాను, పిచ్చిక చెయ్యి పట్టుకుని. దూరంనించి చూశాను. అతను లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. వంగి ఒక పిల్లని ఏదో అడిగాడు. వెనక్కి తిరిగి లోపలికి పరిగెత్తాడు. నేనేమనుకున్నానో తెలుసా? కెమెరా కోసం అనుకున్నాను. "చూడు, పిచ్చి" అనుకున్నాను. అప్పటికి అరిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాను అమ్మడూ.

మూడో అంతస్తు కిటికీ చూస్తున్నాను, కెమెరాతో వస్తాడని. రెండో అంతస్తులో వినపడింది. మా ఇంట్లో. "పిచ్చికా! పిచ్చికా!" మంచాల కింద వెతికాడో, వంటగదిలో వెతికాడో. పిచ్చిక నా చెయ్యి విడిపించుకుని అరిచింది, "బాబాయ్, ఇక్కడున్నా!" అని. నా నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. వంటింటి కిటికీలోంచి అతని తల బయటికి వచ్చింది. మావైపు చూశాడు. చూశాడనే అనుకుంటాను. చూసే ఉంటాడు, ఎందుకంటే పిలవడం ఆపేశాడు. ఆ తర్వాత చప్పుడు. పెద్ద చప్పుడు కూడా కాదు, ఎవరో పిండిబస్తా దించినట్టు. తర్వాత ఏమీ కనపడలేదు, అంతా దుమ్ము, వానలో దుమ్ము, నోట్లో బురదలా.

సాయంత్రం బడిలో పెట్టారు మమ్మల్ని. మీ మామయ్య పనిలోంచి పరిగెత్తుకొచ్చి "తమ్ముడేడే?" అన్నాడు. నేను నోరు విప్పాను, అప్పుడొచ్చింది మాట. "కెమెరా కోసం వెళ్ళాడు" అన్నాను. అంతే, అదే నిలిచింది. పోలీసులు అదే రాసుకున్నారు. ఇంటాయన కూడా అదే చెప్పాడు, "నేను ముందే అన్నాను కదా పిచ్చోడని." నాలుగు రోజుల తర్వాత, మా ఇంట్లోనే ఇంకో వాటాలో ఉండే నర్సమ్మ వచ్చి కూర్చుంది. "మా కవలల్లో పెద్దది అంటోంది, మాస్టారు దాన్ని అడిగారట, పిచ్చిక ఏదని. నీళ్ళకి కిందికెళ్ళిందని ఇదే చెప్పిందట. అందుకే వెళ్ళారేమో కదా అక్కా?" అంది. "పిల్లలు ఏదో అంటారులే" అన్నాను. ఆమె నా మొహం చూసింది, లేచిపోయింది. మీ వదినకా? తెలుసు. దాని గొంతుతో అదే అరిచింది కదా. ముప్పై ఏళ్ళు, ఒక్కసారి కూడా ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. మీ మామయ్య ఇప్పటికీ ఎవరైనా కెమెరా పట్టుకుంటే లేచి పక్కగదిలోకి పోతాడు. తమ్ముడు ఒక ఇనపముక్క కోసం తనని వదిలిపోయాడని కోపం ఆయనకి. ఆ కోపం నేనే ఇచ్చాను. రేపు చెప్తాను ఆయనకి. నువ్వుంటావు కదా రేపు? ఉండు.

ఆ బడిలో, బెంచీల మీద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఎవరో దుప్పట్లు కప్పారు. నేను ఒక్కొక్కళ్ళ తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. టైలరు కూతుళ్ళిద్దరు. నర్సమ్మ కవలలు, నాలుగు. బేకరీ ఆయన పిల్లలు ముగ్గురు, ఏడు. చెవిటామె మనవరాలు, ఎనిమిది. మా పిచ్చిక. తొమ్మిది. మళ్ళీ మొదలుపెట్టాను. టైలరు కూతుళ్ళిద్దరు...